వేలు ఆనినచోటే అయిదు

పాత బటన్ ఫోన్లలో అయిదు అంకె మీద బియ్యపు నూకంత బొడిపె ఒకటి ఉంటుంది. చూపున్నవారిలో చాలామంది దానిని గమనించి ఉండరు. అంధులకు మాత్రం అదే ఆనవాలు. ఆ నూక వేలికి తగిలితే చాలు, పైన రెండు, కింద ఎనిమిది, అటు నాలుగు, ఇటు ఆరు. తడుముకోకుండా నంబరు కలపవచ్చు.

2007 జూన్ 29న అమెరికాలో ఆపిల్ సంస్థ ఐఫోన్‌ను అమ్మకానికి పెట్టింది. అందులో ఆ నూక లేదు. మూడున్నర అంగుళాల గాజుపలక, దాని కింద ఒకే ఒక్క బటన్. అంకెలు, అక్షరాలు అన్నీ గాజు వెనుక బొమ్మలే. తడిమితే చేతికి తగిలేది నునుపు మాత్రమే.

తాకే తెర అప్పటికే పాతది. విమానాల రాకపోకలను నియంత్రించేవారి కోసం బ్రిటన్‌కు చెందిన ఇ.ఎ.జాన్సన్ 1965లోనే దాని గురించి రాశారు. ఫోనులోకి అది 1994 ఆగస్టులో ఐబిఎం వారి ‘సైమన్’తో వచ్చింది. అర కిలో బరువు! గంటసేపు మాట్లాడితే బ్యాటరీ ఖాళీ. అయినా సుమారు 50 వేలు అమ్ముడుపోయాయి.

తర్వాత పదేళ్లకు పైగా వచ్చిన తాకుడు ఫోన్లలో చాలావాటికి పక్కన ఒక పుల్ల గుచ్చి ఉండేది. వాటి తెర రెండు పలుచని పొరలు. పై పొరను నొక్కితే కింది పొరకు తగులుతుంది. ఎక్కడ తగిలిందో యంత్రం లెక్క కడుతుంది. గోరైనా సరే, అగ్గిపుల్లైనా సరే పని జరుగుతుంది. కాని నొక్కాలి.

ఐఫోన్ తీరు వేరు. దాని గాజుకు కంటికి కనిపించని విద్యుత్ వాహక పూత ఉంటుంది. వేలు ఆనగానే అక్కడి విద్యుదావేశంలో తేడా వస్తుంది. ఆ తేడానే ఫోను పసిగడుతుంది. గోరుతో గీకినా, గ్లౌజులతో తట్టినా ఉలకదు, పలకదు. వేలు మెత్తగా ఆనితే చాలు. రెండు వేళ్లు ఒకేసారి ఆనినా గుర్తుపడుతుంది. ఫొటోను వేళ్లతో సాగదీసి పెద్దది చేయడం జనానికి అలవాటయింది అందువల్లనే.

ఈ విద్య వెనుక ఒక విద్యార్థి చేతినొప్పి ఉంది. డెలావేర్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న వేన్ వెస్టర్‌మన్‌కు మీటలు నొక్కి నొక్కి చేతులు నొప్పిపుట్టేవి. నొక్కే పనిలేని పలక కోసం ఆయన ప్రొఫెసర్ జాన్ ఎలియాస్‌తో కలిసి ‘ఫింగర్‌వర్క్స్’ అనే సంస్థను స్థాపించారు. 2005లో ఆపిల్ దానిని కొనివేసింది.

వెస్టర్‌మన్ చేతులకు హాయినిచ్చిన ఆ నునుపే అంధులకు అడ్డుగోడ అయింది. 2008 ఆగస్టు 22న ఐఫోన్ మన దేశానికి వచ్చింది. 8 జీబీ ఫోను ధర 31 వేల రూపాయలు. అంత పోసి కొన్నా చూపులేనివారు ఆ గాజు మీద సొంతంగా ఒక్క నంబరు కలపలేరు.

దీనికి విరుగుడు ఆలోచించినవారిలో టి.వి.రామన్ ఒకరు. పుణెలో పుట్టిన ఈయనకు 14వ ఏట చూపు పోయింది. బొంబాయి ఐఐటీలో చదివి, అమెరికాలో డాక్టరేట్ పొంది, గూగుల్‌లో చేరారు. అక్కడ సహచరుడు చార్లెస్ చెన్‌తో కలిసి ఒక చిత్రమైన ఉపాయం పన్నారు. అయిదు ఎక్కడుందని వెతకడమెందుకు? తెర మీద వేలు మొదట ఎక్కడ ఆనితే అదే అయిదు! అక్కడినుంచి పైకి జరిపితే రెండు, కుడివైపు పై మూలకు జరిపితే మూడు. తప్పు పడితే ఫోనును ఒకసారి ఊపితే చాలు, ఆ అంకె చెరిగిపోతుంది.

2009 జూన్‌లో వచ్చిన ఐఫోన్ 3జీఎస్‌లో ఆపిల్ ‘వాయిస్ఓవర్’ను చేర్చింది. దీని పద్ధతి మరొకటి. వేలు ఆనినచోట ఏముందో ఫోనే పైకి చదువుతుంది. అదే కావాలనుకుంటే తెర మీద ఎక్కడైనా రెండుసార్లు తట్టాలి. అదే ఏడాది ‘టాక్‌బ్యాక్’ పేరుతో ఇటువంటి సదుపాయమే ఆండ్రాయిడ్‌కూ వచ్చింది.

వాయిస్ఓవర్ వాడేవారు కావాలంటే తెర వెలుగును పూర్తిగా ఆర్పివేసుకోవచ్చు. అప్పుడు పక్కన కూర్చున్నవారికి కనిపించేది నల్లటి గాజుపలక, దాని మీద కదిలే ఒక వేలు. ఫోను పట్టుకున్నవారు మాత్రం చెవిలో తీగ పెట్టుకుని ఇంటినుంచి వచ్చిన సందేశం వింటూ ఉంటారు.