వాచీ చెప్పిందల్లా వేదం కాదు

బ్రిటన్‌లో మనవాళ్ల పరుగు చాలావరకు జనవరిలో మొదలవుతుంది, అదీ ఆన్‌లైన్ షాపింగ్‌తో. జీపీ రక్తపరీక్ష చూసి షుగరు అంచున ఉన్నారంటారు. ఇక్కడి వైద్య మార్గదర్శకాలు తెల్లవాళ్లకు బీఎంఐ 25 దాటితే హెచ్చరిస్తే, దక్షిణాసియా వాళ్లను 23 దగ్గరే హెచ్చరిస్తాయి. ఇంకేముంది, ఆ రాత్రికే షూస్, వాచీ, ఇయర్‌బడ్స్, నడుముకు కట్టుకునే నీళ్ల బెల్టు కార్ట్‌లో పడిపోతాయి. తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపులో సలహాల వర్షం. కార్బన్ ప్లేట్ ఉన్నవే కొనమని ఒకరు, గుండె వేగం 140 దాటనివ్వద్దని ఇంకొకరు, ముందు వేగంగా కొట్టేస్తే వెనక సుఖమని మరొకరు. ఇందులో కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తి అబద్ధాలు. డబ్బు పోతే పోయింది. కొత్తగా పరిగెత్తేవాణ్ణి నెల తిరక్కుండా కాలు పట్టుకుని కూర్చోబెట్టేవి కూడా ఇవే.

అపోహ: సరైన సామాను లేనిదే మొదలుపెట్టకూడదు

2004 అక్టోబరు 2న లండన్ శివారు టెడింగ్టన్ పక్కనున్న బుషీ పార్కులో పదమూడు మంది 5 కిలోమీటర్లు పరిగెత్తారు. ఏర్పాటు చేసిన పాల్ సింటన్-హ్యూయిట్ అప్పటికి గాయంతో ఉన్నాడు, తాను పరిగెత్తలేడు. స్నేహితుల్ని కలుస్తూ ఉండొచ్చని ఈ పని పెట్టుకున్నాడు. ముగింపు దగ్గర ఎవరు ఎన్నోవారో గుర్తుపెట్టుకోవడానికి హార్డ్‌వేర్ షాపులో కొన్న ఇనుప వాషర్ల మీద అంకెలు కొట్టించారు. ఇప్పుడు దేశమంతా శనివారం ఉదయం జరిగే పార్క్‌రన్ అలా పుట్టింది. ఈనాటికీ అది ఉచితమే. మీరు తీసుకెళ్లాల్సింది ఒక బార్‌కోడ్. టైము వాలంటీర్లే చూస్తారు కాబట్టి వాచీ అక్కర్లేదు. అందరికంటే వెనక నడవడానికి ఒక వాలంటీరు ఉంటారు కాబట్టి ఆఖరున వస్తామన్న భయమూ అక్కర్లేదు. 2024 ఫిబ్రవరిలో కోర్సు రికార్డుల జాబితాలను సైతం వెబ్‌సైటు నుంచి తీసేశారు. వేగం మోజున్నవాళ్లు అప్పట్లో గోల చేశారు గానీ, నా మట్టుకు అది మంచి పనే.

కాబట్టి మొదటి నెలకు కావలసినవి కాలికి హాయిగా ఉన్న షూస్, చెమట పీల్చి బరువెక్కని టీషర్టు. కాటన్ బనియన్ విజయవాడలో చెల్లుతుందేమో, జనవరిలో లీడ్స్‌లో తడిసి ఒంటికి అతుక్కుని వణికిస్తుంది. స్త్రీలకు వీటితోపాటు మరొకటి తప్పనిసరి. దాని సంగతి కాసేపట్లో.

అపోహ: పాదం లోపలికి ఒరుగుతుంది కాబట్టి దాన్ని సరిచేసే షూస్ కావాలి

ఇక్కడి రన్నింగ్ షాపులకు వెళ్తే ట్రెడ్‌మిల్ ఎక్కించి, వెనక కెమెరా పెట్టి, మీ మడమ ఎటు ఒరుగుతోందో చూపిస్తారు. తెరమీద మన కాలు వంకరగా కనబడగానే మనకి సగం జబ్బు వచ్చేసినట్టే. నిజానికి పాదం నేలను తాకగానే కాస్త లోపలికి ఒరగడం దెబ్బను తట్టుకునే ఏర్పాటు. అమెరికా సైన్యం, వైమానిక దళం, మెరైన్ దళాల్లో కొత్తగా చేరినవాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పాదం వంపును బట్టి షూస్ ఇచ్చి, మరో జట్టుకు అందరికీ ఒకేరకం ఇచ్చి చూశారు. గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. డెన్మార్క్‌లో 927 మంది కొత్త రన్నర్లకు మామూలు షూసే ఇచ్చి ఏడాదిపాటు గమనించారు. లోపలికి ఒరిగే పాదాలున్నవాళ్లు ఎక్కువగా గాయపడలేదు.

పరుగు కదలికల మీద దశాబ్దాలు పనిచేసిన బెనో నిగ్ చివరికి తేల్చింది కాలికి హాయిగా అనిపించే జతను ఎంచుకోమనే. శాస్త్రం ఇంత సాదాగా మాట్లాడితే మనకు నమ్మబుద్ధి కాదు. షాపుకి వెళ్లడం దండగని కాదు నా ఉద్దేశం. నాలుగు జతలు వేసుకుని కాసేపు పరిగెత్తి చూడనిస్తారు, ఆన్‌లైన్‌లో ఆ వీలుండదు. కాళ్లు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట వెళ్లండి, ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ చూసుకోండి. నిరుటి మోడల్ తగ్గింపు ధరకు దొరికితే మొహమాటపడకండి.

ఇక అడుగున కార్బన్ ప్లేట్ పెట్టిన షూస్ సంగతి. ఈ షూస్ నిజంగా పనిచేస్తాయి, కాదనలేం. 2017లో కొలరాడో విశ్వవిద్యాలయం చేసిన పరీక్షలో నైకీ కొత్త షూస్ పరుగుకయ్యే శక్తిని సగటున 4 శాతం తగ్గించాయి. అయితే పరీక్షించినవాళ్లు గంటకు 14 నుంచి 18 కిలోమీటర్ల వేగంతో వెళ్లే దిట్టలు. 5 కిలోమీటర్లను అరగంటలో ముగించే మనిషి వేగం గంటకు 10. ఆ వేగాల్లో చేసిన తర్వాతి పరీక్షలో లాభం సగటున 1 శాతం దగ్గర ఆగింది, కొందరికి నష్టమే కనబడింది. అటు పౌలా రాడ్‌క్లిఫ్ 2003 ఏప్రిల్ 13న లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో ముగించినప్పుడు ఆమె కాళ్లకు కార్బన్ లేదు. ఆ మహిళల ప్రపంచ రికార్డును బద్దలుకొట్టడానికి పదహారేళ్లు పట్టింది. 2019 అక్టోబరులో షికాగోలో బ్రిజిడ్ కోస్గీ దాన్ని దాటింది, కార్బన్ షూస్‌తోనే.

మెత్తటి షూస్ లేకపోతే మోకాళ్లు అరిగిపోతాయని ఇండియా నుంచి ఫోన్లో పెద్దవాళ్లు చేసే హెచ్చరిక ఇంకోటి. పలు అధ్యయనాలను కలిపి 2017లో ప్రచురించిన విశ్లేషణలో మోకాలు, తుంటి కీళ్ల అరుగుదల సరదాగా పరిగెత్తేవాళ్లలో 3.5 శాతం, పరిగెత్తకుండా కూర్చునేవాళ్లలో 10.2 శాతం, పోటీల కోసం పరిగెత్తేవాళ్లలో 13.3 శాతం కనబడింది. కీళ్లు బాగున్నవాళ్లే పరిగెత్తుతూ ఉండిపోతారన్న మెలిక ఇందులో ఉంది. అది తీసేసి చూసినా, అరగంట పరుగు మోకాలి చిప్పలను తినేస్తుందనడానికి ఆధారం లేదు.

అపోహ: 220 నుంచి వయసు తీసేస్తే మీ గుండె హద్దు తెలుస్తుంది

కొత్త వాచీలో పుట్టిన తేదీ కొట్టగానే అది ఈ లెక్కే వేసుకుని గుండె వేగపు జోన్లు గీసేస్తుంది. 1970 ప్రాంతంలో ఫాక్స్, హాస్కెల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు అప్పటికున్న ఒక పది అధ్యయనాల అంకెలను గ్రాఫు మీద పెట్టి, వాటి మధ్యగా పోయే గీత ఒకటి గీశారు. అది అందరి హద్దూ అయి కూర్చుంది. 2001లో వచ్చిన తనాకా సూత్రం (208 లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేయడం) మెరుగైనది. నలభై ఏళ్లవాళ్లకు రెంటిలోనూ 180 వస్తుంది, అరవై ఏళ్లవాళ్లకు పాతది 160, కొత్తది 166 అంటాయి. కానీ ఏ సూత్రమైనా చెప్పేది సగటే. ఒకే వయసున్న ఇద్దరి మధ్య ఇరవై బీట్ల తేడా మామూలు విషయం. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లకైతే ఈ లెక్కలేవీ వర్తించవు. ఆ మందు గుండె వేగాన్నే అదిమి ఉంచుతుంది.

పైగా మణికట్టు వాచీ గుండెను వినదు. చర్మంలోకి ఆకుపచ్చ కాంతి పంపి, రక్తనాళాల్లో వచ్చే మార్పును బట్టి అంచనా వేస్తుంది. చలికి చేతులు గడ్డకట్టి రక్తం తగ్గితే అంచనా తప్పుతుంది. కొన్నిసార్లు గుండె లయకు బదులు అడుగుల లయను పట్టుకుంటుంది. మెల్లగా పోతుంటే వాచీ 170 చూపిస్తోందా? కంగారుపడే ముందు పట్టీ కాస్త బిగించండి. గుండె వేగాన్ని బట్టే శిక్షణ చేయాలని పట్టుదల ఉంటే ఛాతీకి కట్టుకునే పట్టీ కొనండి. అది గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది.

దేనితోనూ పనిలేని పరీక్ష ఒకటుంది: పరిగెత్తుతూ పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. ఫోన్లో అమ్మతో మాట్లాడుతున్నారనుకోండి, “ఏంట్రా ఆ ఆయాసం?” అని ఆవిడ అడిగిందంటే మీరు గట్టిగా పోతున్నట్టు. వారంలో ఎక్కువ పరుగులు ఆవిడకు అనుమానం రాని వేగంలోనే ఉండాలి. మనవాళ్లకు ఇదే కష్టం. ఈ వేగంలో పోతుంటే పక్కనుంచి కుక్కను తీసుకుని వెళ్లే ముసలాయన దాటిపోతాడు, పరువు పోయినట్టుంటుంది. ఎన్‌హెచ్ఎస్ ‘కౌచ్ టు 5కే’ మొదటి వారం చూడండి: అయిదు నిమిషాల నడక తర్వాత ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక, ఇలా ఇరవై నిమిషాలు. నడకతో కలిపిన ఈ తొమ్మిది వారాల పద్ధతిని చిన్నచూపు చూసి మూడో రోజే 5 కిలోమీటర్లు కొట్టినవాళ్లే పిక్క పట్టేసి ఆగిపోతారు.

నిమిషానికి 180 అడుగులు పడాలన్నది మరో వాచీ ఆజ్ఞ. కోచ్ జాక్ డేనియల్స్ 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో లెక్కపెట్టిన అంకె అది. ఒలింపిక్స్‌లో పోటీకి దిగినవాళ్ల అడుగులు అవి, మన ఆదివారం జాగింగ్‌వి కావు.

అపోహ: ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే వేగంగా పోయి టైము దాచుకోవాలి

ఈ అపోహకు విరుగుడు ఆక్స్‌ఫర్డ్‌లోని ఇఫ్లీ రోడ్ ట్రాక్ మీద ఉంది. 1954 మే 6న రోజర్ బ్యానిస్టర్ మైలును మొదటిసారి నాలుగు నిమిషాల లోపు పరిగెత్తినప్పుడు, ముందుండి వేగం చూపించినవాడు క్రిస్ బ్రాషర్. మొదటి చుట్టులోనే బ్యానిస్టర్‌కు మరీ నెమ్మదిగా పోతున్నట్టు తోచి, ఇంకా వేగంగా పొమ్మని బ్రాషర్ మీద కేకవేశాడు. బ్రాషర్ పట్టించుకోలేదు. ఆ చుట్టుకు పట్టింది 57.5 సెకన్లు, అంటే కావలసినదానికంటే ఇంకా వేగమే. విశ్రాంతితో నిండిన కాళ్లు ఎంత వేగాన్నయినా నెమ్మదే అంటాయి. పక్కనుంచి కోచ్ ఫ్రాంజ్ స్టాంప్‌ఫ్ల్ బిగుసుకుపోవద్దని అరిచాక బ్యానిస్టర్ కుదుటపడ్డాడు. రెండో చుట్టు 60.7, మూడోది 62.3, ఆఖరిది 58.9. మొత్తం 3 నిమిషాల 59.4 సెకన్లు. వైద్య విద్యార్థి, అంత లెక్కగా సాధన చేసినవాడు, అతనికే మొదటి నిమిషంలో తన వేగం తనకు తెలియలేదు. మనమెంత?

ఆ కేకను చెవిన పెట్టని బ్రాషరే తర్వాత జాన్ డిస్లీతో కలిసి 1981లో లండన్ మారథాన్ మొదలుపెట్టాడు. ఆ కోర్సు మొదట్లోనే ఉచ్చు ఉంది. బ్లాక్‌హీత్ నుంచి వూలిచ్ దాకా మొదటి మూడు మైళ్లు ఎక్కువగా పల్లమే. జనం, డప్పులు, నెలల తరబడి దాచుకున్న ఉత్సాహం. అక్కడ సంపాదించిన రెండు నిమిషాలు కానరీ వార్ఫ్ దాటాక వడ్డీతో సహా పోతాయి. వేగం పెరిగేకొద్దీ శరీరం కొవ్వుకంటే గ్లైకోజెన్‌ను (ఒంట్లో దాచుకున్న పిండిపదార్థాన్ని) ఎక్కువగా తగలేస్తుంది, దాని నిల్వ కొంచెమే. నడిచి పూర్తిచేసేవాళ్లలో చాలామంది మొదటి గంటలో బాగా పరిగెత్తినవాళ్లే.

అపోహ: వాచీలో 42.8 వచ్చింది, కోర్సే తప్పు

ఏటా ఏప్రిల్‌లో లండన్ మారథాన్ కాగానే ఈ ఫిర్యాదు వినబడుతుంది. 1908 ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట నుంచి వైట్ సిటీ స్టేడియం దాకా గీసిన 26 మైళ్ల 385 గజాల దూరమే తర్వాత మారథాన్‌కు స్థిరపడిన 42.195 కిలోమీటర్లు. రోడ్డు మీద దాన్ని కొలిచేది సైకిల్‌తో. తెలిసిన దూరం మీద చక్రం తిరిగే లెక్క సరిచూసుకుని, మలుపుల్లో వీలైనంత దగ్గరి దారిలో తొక్కుతారు. దీన్ని 1961లో ఒక పద్ధతిగా రాసిపెట్టినవాడు ఇక్కడి రోడ్ రన్నర్స్ క్లబ్ సభ్యుడు జాన్ జూయెల్. పైగా పొరపాటున దూరం తగ్గకూడదని వెయ్యింట ఒక వంతు కలుపుతారు, అదొక 42 మీటర్లు. మీరేమో జనాన్ని తప్పించుకుంటూ, నీళ్ల బల్లల వైపు వెళ్తూ, ఆ దగ్గరి దారిని చూపే నీలి గీతను వదిలేసి తిరుగుతారు. కానరీ వార్ఫ్‌లో ఆకాశహర్మ్యాలకు తగిలి వచ్చే ఉపగ్రహ సంకేతాలతో వాచీ మిమ్మల్ని థేమ్స్ నది మీద కూడా పరిగెత్తిస్తుంది.

దీనివల్ల నష్టం చిన్నదేమీ కాదు. నాలుగు గంటల్లో ముగించాలంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు చాలని వాచీని నమ్ముకుని పోయారనుకోండి, వాచీ లెక్కలో 42.8 వస్తే మీరు గీత దాటేది 4 గంటల 3 నిమిషాలకు. మైలురాళ్ల దగ్గర మీరే ల్యాప్ బటన్ నొక్కండి. మైలుకు 9 నిమిషాల 9 సెకన్లు చొప్పున ఒక కాగితం మీద రాసి చేతికి చుట్టుకుంటే ఇంకా మేలు.

అపోహ: దాహం వేయకముందే, ఎంత తాగితే అంత మంచిది

ఇది ప్రాణం మీదికి తెచ్చే అపోహ. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందికి సోడియం తగ్గి ఉంది. ఎక్కువసేపు రోడ్డు మీద ఉండి, దారిపొడుగునా తాగి, మొదలుపెట్టినప్పటికంటే బరువు పెరిగినవాళ్లకే ఆ ముప్పు ఎక్కువ. 2007లో ఎండ కాసిన లండన్ మారథాన్ ముగించిన ఒక యువకుడు ఇలా నీళ్లు ఎక్కువై సోడియం తగ్గడం వల్లే చనిపోయాడు. దాహం వేస్తే తాగండి. అరగంట పార్క్‌రన్‌కు నీళ్ల బెల్టు బరువు తప్ప మరేమీ కాదు.

అపోహ: స్త్రీలకు కూడా ముఖ్యమైన ఖర్చు షూసే

ఇందాక వాయిదా వేసింది స్పోర్ట్స్ బ్రా సంగతే. మన ఇళ్లలో ఎవరూ పైకి మాట్లాడరు కాబట్టే చాలామంది ఇబ్బందిని భరించి, నెల తిరగకముందే మానేస్తారు. పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో దీనికోసమే ఒక పరిశోధక బృందం ఉంది. 2012 లండన్ మారథాన్‌కు నమోదైన 1,285 మంది స్త్రీలను అడిగితే దాదాపు మూడో వంతు రొమ్ము నొప్పి ఉందన్నారు. చిన్న సైజువాళ్లకు అక్కర్లేదన్న మాటా తప్పే, వాళ్లలోనూ నొప్పి కనబడింది. పరుగులో రొమ్ము కదిలేది పైకీ కిందికీ మాత్రమే కాదు, పక్కలకూ ముందువెనకలకూ. స్పోర్ట్స్ బ్రాలో బరువు మోయాల్సింది భుజాల పట్టీ కాదు, ఛాతీ చుట్టూ ఉండే పట్టీ. దాని కింద రెండు వేళ్లకు మించి దూరకూడదు. సాగిపోయాక మార్చేయాలి. బడ్జెట్ తక్కువైతే షూస్‌లో తగ్గించి ఇందులో పెట్టండి.

అపోహ: మెరిసే పసుపుపచ్చ జాకెట్ వేసుకుంటే చీకట్లో భయం లేదు

ఆ పసుపు రంగు మెరిసేది పగటి వెలుగులో ఉండే అతినీలలోహిత కిరణాల వల్ల. డిసెంబరులో లండన్‌లో సాయంత్రం నాలుగు కాకుండానే పొద్దుగూకుతుంది, ఆ తర్వాత అది ఏ రంగైనా ఒకటే. కారు దీపం పడగానే తిరిగి వెలిగే రిఫ్లెక్టివ్ పట్టీలు కావాలి. అవి ఛాతీ మీదకంటే చీలమండలకూ మోకాళ్లకూ ఉంటే మేలు, కదులుతున్న కాళ్లను చూసి డ్రైవరు మనిషని వెంటనే పోల్చుకుంటాడు. ఫుట్‌పాత్ లేని పల్లె రోడ్డు మీద ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా కుడివైపే ఉండాలి, హైవే కోడ్‌లో రెండో నియమం అదే. కుడి మలుపు అవతల ఏముందో కనబడకపోతే మాత్రం ముందే ఎడమవైపుకి దాటడం మంచిది. ఇయర్‌బడ్స్ ఇంట్లో పెట్టి వెళ్లండి.