జాజ్ కచేరీలో సీట్లు చూపించే వాలంటీర్ పని: అమెరికాలో మన పిల్లలు ఒప్పుకునే ముందు

పోయిన వారం మా ఖాలా గుంటూరు నుంచి ఫోన్ చేసింది. కాలిఫోర్నియాలో ఎంఎస్ చదువుతున్న ఆమె కొడుకు, శనివారం రాత్రి ఒక జాజ్ హాల్లో అషర్‌గా నిలబడతానంటున్నాడట. జీతం లేదట. "బేటా, జీతం లేకుండా ఏం పనిది? అక్కడ తాగుతారా? వీసాకి ఏమైనా అవుతుందా?" అని మూడు ప్రశ్నలు ఒకేసారి అడిగింది. మూడూ సరైన ప్రశ్నలే. వాడికి మాత్రం ఫ్రీగా షో చూడొచ్చన్న సంగతి ఒక్కటే తట్టింది.

ముందు పని సంగతి చూద్దాం. ఒకప్పుడు మన సినిమా హాళ్లలో టార్చిలైటు వేసి సీటు చూపించేవాళ్లు గుర్తున్నారు కదా, అషర్ అంటే వాళ్లే. అమెరికాలో చాలా కచేరీ హాళ్లు లాభాపేక్ష లేని సంస్థలు. టికెట్ల డబ్బుకు విరాళాలు కలుపుకుని నడుస్తాయి, కొన్ని పనులకు వాలంటీర్లను పెట్టుకుంటాయి. శాంటా క్రూజ్‌లో 1975 నుంచి నడుస్తున్న కూంబ్వా జాజ్ సెంటర్ అలాంటిదే. మన ఇస్తిమాల్లో పార్కింగ్ దగ్గర, వుజూ దగ్గర కుర్రాళ్లు ఖిద్మత్ చేస్తారు చూడండి, సందర్భం వేరైనా ఏర్పాటు దాదాపు అదే.

షోకి గంట, గంటన్నర ముందే రావాలి. సాధారణంగా నల్ల ప్యాంటు, నల్ల చొక్కా వేసుకోమంటారు. (ఆడపిల్లలకు నల్ల హిజాబ్ అందులో కలిసిపోతుంది.) హాలు మేనేజర్ అందరినీ నిలబెట్టి, ఎవరు ఏ తలుపు దగ్గర ఉండాలో, వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లను ఎటు తీసుకెళ్లాలో, ఏదైనా జరిగితే జనాన్ని ఏ దారిన బయటికి పంపాలో చెప్తారు. ఆ తర్వాత టికెట్ చూడటం, సీటు చూపించడం, ఫోన్ ఎత్తి వీడియో తీసేవాళ్లకు మెల్లగా చెప్పడం. టార్చి ఎప్పుడూ నేల మీదికే వేయాలి, మనుషుల ముఖం మీద పడకూడదు.

ఆలస్యంగా వచ్చేవాళ్లను పాటకూ పాటకూ మధ్యలోనే లోపలికి పంపాలి. జాజ్‌లో కొత్త అషర్లు తప్పు చేసేది ఇక్కడే. కవ్వాలిలో ప్రధాన గాయకుడు ఒక మాట పట్టుకుని ఎక్కడెక్కడికో వెళ్లి మళ్లీ పల్లవికి వచ్చినట్టే, జాజ్‌లో ఒక్కో వాద్యకారుడు తన వంతు రాగానే అప్పటికప్పుడు తోచింది వాయిస్తాడు. ఆ వంతు అవగానే హాలంతా చప్పట్లు కొడుతుంది. కానీ పాట అయిపోలేదు! చప్పట్లు విని తలుపు తీసి పది మందిని లోపలికి వదిలామంటే, సరిగ్గా తర్వాతి మనిషి మొదలుపెట్టే సమయానికి అందరికీ అడ్డం పడతాం. వేదిక మీద అందరూ ఆపేశారా అని కళ్లతో చూసి తీయాలి తప్ప చెవిని నమ్మకూడదు.

నడిచే దారిలో బ్యాగు కూడా ఉంచనివ్వరు. అది అతి జాగ్రత్త అనిపించవచ్చు. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్‌లో సినిమా ప్రీమియర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. జనం గుమిగూడిన చోట తలుపు దగ్గర నిలబడే మనిషికి దారులు తెలిసి ఉండాలి.

ఇక వీసా. దీని మీద ఖాలాతో అరగంట మాట్లాడాను. అమెరికా కార్మిక చట్టం ప్రకారం లాభాపేక్ష లేని సంస్థలో ఇష్టపూర్వకంగా, జీతం ఆశించకుండా వాలంటీర్‌గా పని చేయొచ్చు. లాభం కోసం నడిచే క్లబ్బులో, రెస్టారెంటులో ఆ వీలు ఉండదు. అలాంటి చోట "వాలంటీర్" అని పేరు పెట్టినా అది ఉద్యోగం కిందే లెక్కకు రావచ్చు, ఎఫ్-1 విద్యార్థికి అనుమతి లేని ఉద్యోగం అంటే స్టేటస్ పోయే ప్రమాదం. ఇంకో మెలిక ఉంది. పనికి బదులుగా ఇచ్చేది నగదే కానక్కర్లేదు, విలువైనది ఏదైనా ప్రతిఫలమే. కామర్స్ చదివిన నాకు ఇది కొత్త కాదు. ఫ్రీ షో, భోజనం, తర్వాతి కచేరీకి టికెట్లు, వీటిలో ఏది ఎటు వస్తుందో మనం ఊహించి తేల్చుకోకూడదు. అదే హాల్లో అదే పనికి జీతం తీసుకునేవాళ్లు ఉన్నారా అన్నది కూడా అడగాలి. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకు ఒక ఈమెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా వచ్చాకే పేరు ఇవ్వాలి. స్నేహితుడు చేశాడు, ఏమీ కాలేదు అన్నది సాక్ష్యం కాదు.

తాగుడు సంగతి దాచడం ఎందుకు, చాలా హాళ్ల లాబీలో బార్ ఉంటుంది. మద్యం మోయడం గురించి మన దీన్ ఏం చెప్తుందో ఇంట్లో అందరికీ తెలుసు. కాబట్టి గ్లాసులు అందించడం, బార్ దగ్గర నిలబడటం నా వల్ల కాదని ముందే, సూటిగా చెప్పేయాలి. తలుపు దగ్గరి పని అడిగితే ఇస్తారు, ఇవ్వకపోతే వద్దని వచ్చేయొచ్చు, జీతమేమీ పోదు. ఇది జాజ్ లోకానికి కొత్త మాట కూడా కాదు. 1920లో పుట్టి 2013లో చనిపోయిన యూసుఫ్ లతీఫ్ శాక్సోఫోన్, ఫ్లూట్ వాయించడంలో పేరున్నవాడు, ఇస్లాం స్వీకరించిన నల్లజాతి అమెరికన్. మద్యం అమ్మే చోట వాయించనని ఆయన మానేశాడు. పియానో అహ్మద్ జమాల్ కూడా యువకుడిగా ఉన్నప్పుడే ఇస్లాంలోకి వచ్చి ఆ పేరు పెట్టుకున్నారు.

అసలు సంగీతమే సరైనదా అంటే ఉలమా మధ్య భేదాభిప్రాయం ఉంది. కవ్వాలి విని పెరిగిన ఇళ్లూ ఉన్నాయి, దఫ్ తప్ప ఒప్పుకోని ఇళ్లూ ఉన్నాయి. అది తేల్చడం నా పని కాదు, మీరు నమ్మే ఆలిమ్‌ను అడగండి.

నమాజు మాత్రం లెక్క వేసుకోవాలి. జూన్‌లో ఆ ప్రాంతంలో సూర్యాస్తమయం రాత్రి ఎనిమిదిన్నర దగ్గర, అంటే ఏడున్నర షో అయితే మగ్రిబ్ సరిగ్గా మధ్యలో వస్తుంది. డిసెంబర్‌లో ఐదులోపే సూర్యుడు పోతాడు, మగ్రిబ్ చదువుకునే వెళ్లొచ్చు. షో మొదలయ్యాక పని తగ్గుతుంది, పది నిమిషాలు కావాలని మేనేజర్‌ను మొదట్లోనే అడిగితే సరిపోతుంది.

ఇవన్నీ చెప్పాక ఖాలా నాకు తట్టనిది ఇంకోటి అడిగింది: "రాత్రి ఇంటికి ఎలా వస్తాడు?" షో అయ్యాక అషర్లు మరిచిపోయిన వస్తువుల కోసం సీట్ల మధ్య వెతికి, అందరూ వెళ్లాకే బయటపడతారు. తమ్ముడికి కారు లేదు. ఆఖరి బస్సు ఎన్నింటికో చూసి చెప్పమన్నాను, ఇంకా చూడలేదు.