కుస్తీయా, బాక్సింగా? ఏది ఎక్కువ కష్టం?

కుస్తీ కష్టమా, బాక్సింగ్ కష్టమా అన్న వాదన మన హాస్టళ్లలో ఎన్నటికీ తెగదు. గోదాలో దిగేవాడు తనదే అసలైన బలమంటాడు. గ్లవ్స్ తొడిగేవాడు "ఒక్క గుద్దు తిని చూడు, తెలుస్తుంది" అంటాడు. రెండేళ్లు కుస్తీ పట్టి, ఆ తర్వాత ఒక ఏడాది బాక్సింగ్ నేర్చుకున్నవాణ్ణి గనుక నాకు ఇద్దరి మాటా అర్థమవుతుంది. శరీరధర్మశాస్త్రం నా పాఠ్యవిషయం కూడా కావడంతో, ఈ తగవును కాస్త శాస్త్రీయంగా పరిశీలించి పాఠకుల ముందుంచుతున్నాను.

మన పురాణాలు ఈ రెండు విద్యలనూ అంతగా విడదీయలేదు. భాగవతంలో కంసుని మల్లులు చాణూరుడు, ముష్టికుడు. రెండోవాడి పేరులోనే పిడికిలి ఉంది గదా! నేటి నిబంధనలు మాత్రం నడుమ గీత గీశాయి. కుస్తీలో గుద్దరాదు; బాక్సింగులో పట్టరాదు. శరీరం మీద పడే భారం వేరు కావడానికి మూలం ఈ ఒక్క తేడాయే.

ముందు కాలం లెక్క చూద్దాం. ఒలింపిక్ కుస్తీలో మూడేసి నిమిషాల భాగాలు రెండు. నడుమ 30 సెకన్ల విరామం. ఒలింపిక్ బాక్సింగ్‌లో మూడేసి నిమిషాల రౌండ్లు మూడు. రౌండుకూ రౌండుకూ మధ్య ఒక నిమిషం విరామం. అంటే అక్కడ 6 నిమిషాలు, ఇక్కడ 9 నిమిషాలు. ఈ లెక్కన బాక్సింగే కష్టమనిపిస్తుంది. కాని ఒలింపిక్స్‌లో బాక్సర్‌కు రోజుకు ఒకటే పోటీ. కుస్తీ పట్టేవాడు ఒకే రోజు ముగ్గురితోనో, నలుగురితోనో తలపడవలసి రావచ్చు.

కుస్తీలో ఎదుటివాడే మనం ఎత్తవలసిన బరువు. అదీ ఊరకుండే బరువు కాదు. మెలికలు తిరిగే బరువు, మనల్నే ఎత్తి పడెయ్యాలని చూసే బరువు. వాడి మణికట్టును బిగించి పట్టుకున్నప్పుడు మన ముంజేతి కండరం బిగిసి అలాగే నిలిచిపోతుంది. బిగిసిన కండరంలో నెత్తురు సరిగా ఆడదు, ప్రాణవాయువు చాలదు. అప్పుడా కండరం ప్రాణవాయువుతో నిమిత్తం లేకుండానే గ్లైకోజన్ నుంచి శక్తి తీసుకుంటుంది. ఆ దారిలో శక్తి త్వరగా వస్తుంది గాని, లాక్టేట్ పేరుకొని, కండరంలో ఆమ్లత్వం పెరుగుతుంది. చేతులు మండిపోతాయి, వేళ్లు విప్పబోతే విప్పుకోవు. మెడ, వీపు, నడుము, తొడలు, ఏ ఒక్క అంగానికీ సెలవుండదు. మన పాత తాలింఖానాల్లో వస్తాదులు దండీలు, బస్కీలు వందల లెక్కన తీయించడంలోని రహస్యం ఇదే.

ఇక బాక్సింగ్ చేతుల ఆట అనుకుంటారు చాలామంది. నిజానికి గుద్దు పాదంలో పుడుతుంది. పాదం నేలను తన్నిన బలం తొడ, నడుము, భుజం మీదుగా పిడికిలికి చేరుతుంది. కాళ్లు ఆడుతూనే ఉండాలి, చేతులు గడ్డం దగ్గర ఎత్తే ఉండాలి. ఉత్త చేతులను మూడు నిమిషాలు అలా ఎత్తి పట్టుకొని చూడండి, భుజాలు ఏమంటాయో! తగలని గుద్దు మరీ ఖరీదైనది. విసిరిన చేతిని ఆపి వెనక్కి తెచ్చుకునే పని కూడా మన కండరాలదే. 1974లో కిన్షాసా నగరంలో మహమ్మద్ అలీ తాళ్లకు ఆనుకొని, చేతులు అడ్డం పెట్టుకొని, జార్జ్ ఫోర్‌మన్ చేత గుద్దించుకుంటూ పోయాడు. అంతటి బలశాలీ కొట్టి కొట్టి అలసిపోయాడు. ఎనిమిదో రౌండులో అలీ అతణ్ణి పడగొట్టాడు.

అయినా ఒక సౌకర్యం బాక్సర్‌కుంది. ఆయాసమొస్తే ఎదుటివాణ్ణి కౌగిలించుకొని రెండు క్షణాలు ఊపిరి పీల్చుకుంటాడు. రిఫరీ వచ్చి విడదీస్తాడు. కుస్తీలో ఆ కౌగిలిలోనే అసలు పని మొదలవుతుంది! 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో మార్టిన్ క్లైన్, ఆల్‌ఫ్రెడ్ అసికైనెన్ 11 గంటల 40 నిమిషాల పాటు కుస్తీ పట్టారు. గెలిచిన క్లైన్‌కు ఫైనల్‌లో దిగే ఓపిక మిగలక రజతంతో సరిపెట్టుకున్నాడు. నిమిషానికి నిమిషం పోలిస్తే ఒంట్లో సత్తువను ఎక్కువగా పిండేది కుస్తీయేనని నా నిశ్చితాభిప్రాయం.

అలసట ఒక్కటే లెక్క అయితే వ్యాసం ఇక్కడితో ముగించవచ్చు. కాని ఆట శరీరం నుంచి వసూలు చేసేది అలసటను మాత్రమే కాదు. కుస్తీలో చెవి ముద్దగడుతుంది, మోకాలు, భుజం బెణుకుతాయి, మెడకు ప్రమాదమూ ఉంది. అయినా తలకు దెబ్బ తగలడం అక్కడ ప్రమాదవశాత్తు జరిగేది. బాక్సింగులో తలే గురి. గుద్దుకు తల గిర్రున తిరిగితే పుర్రెలోపల మెదడు కూడా కుదుపుకు లోనవుతుంది. తలకవచం చర్మం చిట్లకుండా కాపాడుతుంది గాని, ఆ కుదుపును ఆపలేదు. ఏళ్ల తరబడి దెబ్బలు తిన్న బాక్సర్లలో కనిపించే మతిచాంచల్యాన్ని, తూలుడును గురించి మార్ట్‌ల్యాండ్ అనే అమెరికన్ వైద్యుడు 1928లోనే రాశాడు. 1982లో కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ 14వ రౌండులో పడిపోయి, కొద్ది రోజులకే మరణించాడు. ఆ తర్వాతే వృత్తి బాక్సింగులో టైటిల్ పోటీలను 15 రౌండ్ల నుంచి 12కు తగ్గించారు. అలసిన కండరం నాలుగు రోజుల్లో కోలుకుంటుంది. మెదడుకు ఆ వరం లేదు.

రెండు ఆటలకూ ఉమ్మడి శత్రువు తూకం. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల తరగతిలో, 2023లో 50 కిలోల తరగతిలో ప్రపంచ విజేత అయింది. ఆ రెండు కిలోల వెనుక ఎంత క్రమశిక్షణ ఉండాలో ఆలోచించండి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వినేశ్ ఫోగట్ ఒకే రోజు ముగ్గుర్ని ఓడించి కుస్తీ ఫైనల్ చేరింది. మరునాటి ఉదయం 100 గ్రాములు ఎక్కువ తూగినందుకు అనర్హురాలైంది. ఒక్క రాత్రిలో తగ్గే బరువు కొవ్వు కాదు, చాలా వరకు నీరే. ఒంట్లో నీరు తగ్గితే నెత్తురు పరిమాణం తగ్గుతుంది, గుండె వేగం పెరుగుతుంది, ఒంటి వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ విద్యార్థులు బరువు తగ్గించుకోబోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ పైన అక్కడి కాలేజీ పోటీలకు రబ్బరు సూట్లు, ఆవిరి గదులు నిషేధించారు.

వాళ్లు మనలాంటి విద్యార్థులే. అంతర్ కళాశాల పోటీల ముందు రెండు స్వెట్టర్లు తొడుక్కొని, మంచినీళ్లు మానేసి, ఎండలో పరుగెత్తే మిత్రులను నేను మన మైదానంలో చూస్తూనే ఉన్నాను. కాబట్టి విద్యార్థి సంఘానికీ, వ్యాయామ శాఖకూ నా విన్నపాలు మూడు. ఆటగాళ్ల తరగతిని పోటీల ముందు రోజున గాక, విద్యాసంవత్సరం మొదట్లోనే తూచి నిర్ణయించండి. బాక్సింగ్ సాధనలో తలమీద పూర్తి బలంతో కొట్టుకోవడం వీలైనంత తగ్గించి, సంచి మీద, కాళ్ల కదలిక మీద ఎక్కువ కాలం గడిపేట్లు చూడండి. తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినవాణ్ణి, వాడెంత బతిమాలినా సరే, డాక్టరు చెప్పేదాకా మళ్లీ రింగులోకి దించకండి.