రెండవ వాటికన్ మహాసభపై ఈవ్ కాంగర్ ప్రభావం – కడప ప్రాంత సందర్భం

రెండవ వాటికన్ మహాసభ (1962-1965)లో ఓటుహక్కు ప్రధానంగా పీఠాధిపతులకు ఉండేది. దైవశాస్త్ర నిపుణులు సలహాదారులు మాత్రమే. అయినప్పటికీ ఆ సభ పత్రాలలో ఫ్రెంచి డొమినికన్ గురువు ఈవ్ కాంగర్ (1904-1995) ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది.

కాంగర్ 1937లో క్రైస్తవ ఐక్యతపై, 1953లో సామాన్య విశ్వాసుల స్థానంపై గ్రంథాలు ప్రచురించారు. 1954లో ఆయనను బోధన నుండి తప్పించారు. 1960లో 23వ జాన్ పోపు ఆయననే సన్నాహక దైవశాస్త్ర సంఘానికి సలహాదారుగా నియమించారు.

1964 నవంబరు 21న వెలువడిన ‘లూమెన్ జెన్సియుమ్’ పత్రంలో ‘దేవుని ప్రజలు’ అనే రెండవ అధ్యాయం, అధికారశ్రేణిని వివరించే మూడవ అధ్యాయానికి ముందు నిలిచింది. ఈ క్రమాన్ని సూచించినవారు కార్డినల్ సూనెన్స్ కాగా, ఆ రెండవ అధ్యాయంలోని 9, 13, 16, 17 పేరాల తొలి ముసాయిదా కాంగర్‌ది. అదే రోజున క్రైస్తవ ఐక్యతాపత్రం కూడా ఆమోదం పొందింది.

ఈ రెండు భావాలకూ కడప జిల్లాలో ప్రత్యేక ప్రాసంగికత ఉంది. జమ్మలమడుగులో లండన్ మిషన్ నాటిన సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో భాగమయ్యాయి. కథోలిక కడప మేత్రాసనం 1976లో ఏర్పడింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంత గ్రామాలలో క్రైస్తవులు అధికంగా దళిత కులాలకు చెందినవారు. అధికారం కంటె ముందు ప్రజను నిలిపిన అధ్యాయక్రమం వారి విషయంలో గౌరవానికి సంబంధించిన ప్రశ్న అవుతుంది. విచారణ నిర్వహణలో, నిర్ణయాలలో వారికి లభించిన పాలును బట్టియే కాంగర్ ప్రభావాన్ని ఇక్కడ అంచనా వేయవలసి ఉంటుంది.