పవర్ బటన్ రెండుసార్లు నొక్కి ట్యాప్ చేస్తున్నారా? ఆ రెండు నొక్కుల వెనకాల ఏం జరుగుతుందో ఒకసారి చూడండి

ఈ ఎపిసోడ్‌లో టాపిక్ చాలా చిన్నది. ఫోన్ పక్కన ఒక బటన్ ఉంటుంది కదా, స్క్రీన్ ఆన్ ఆఫ్ చేసేది, దాని గురించే. దాన్ని టక టక అని రెండుసార్లు నొక్కితే మన కార్డు స్క్రీన్ మీదకి వచ్చేయాలి, మెషిన్ దగ్గర పెడితే బిల్లు కట్టేయాలి. సెట్టింగ్ 2 నిమిషాల పని. కానీ ఆ బటన్ అన్ని ఫోన్లలో ఒకే పని చెయ్యట్లేదు. అది తెలియకపోతే డబ్బు విషయంలో ఇబ్బంది పడతాం. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు నాకు జరిగింది చెప్తా, నవ్వుకోండి. మొన్న ఒక సూపర్ మార్కెట్‌కి వెళ్లాను. అది సెల్లార్‌లో ఉంది, సిగ్నల్ అసలు లేదు. బిల్లు 640 రూపాయలు. క్యూఆర్ స్కాన్ చేస్తే అలా తిరుగుతూనే ఉంది. వెనకాల నలుగురు నిలబడ్డారు. కౌంటర్‌లో ఉన్న అక్కని అడిగా, "అక్కా, కార్డ్ మెషిన్ ఉందా?" అని. "ఉంది సార్, కార్డ్ ఇవ్వండి" అంది. "కార్డ్ తేలేదక్కా, ఫోన్‌తోనే ట్యాప్ చేస్తా" అని పెద్ద హీరో లాగా బటన్ రెండుసార్లు నొక్కా. కెమెరా ఓపెన్ అయింది. ఆవిడ నా వైపు చూసి, "ఫొటో ఎందుకు సార్?" అంది.

కొత్త ఫోన్ కొన్నాక పాత ఫోన్‌లో ఉన్న సెట్టింగ్ మళ్లీ పెట్టుకోలేదు, అంతే. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో రెండుసార్లు నొక్కితే కెమెరా వచ్చేలానే కంపెనీ పెట్టి ఇస్తుంది. పేమెంట్ కావాలంటే మనమే మార్చుకోవాలి.

ముందు సెట్టింగ్ సంగతి

శాంసంగ్ ఫోన్ ఉన్నవాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అడ్వాన్స్‌డ్ ఫీచర్స్, అందులో సైడ్ బటన్ చూడండి. కొన్ని ఫోన్లలో సైడ్ కీ అని ఉంటుంది. అందులో డబుల్ ప్రెస్ దగ్గర కెమెరా బదులు ఓపెన్ యాప్ ఎంచుకుని, శాంసంగ్ వాలెట్ పెట్టండి. శాంసంగ్ పే మన దేశంలోకి 2017లోనే వచ్చింది, ఇప్పుడు అదే వాలెట్‌లో ఉంది. అన్ని బ్యాంకుల కార్డులూ అందులో యాడ్ అవ్వవు. మీ కార్డు తీసుకుంటుందో లేదో ముందు చూసుకోండి.

పిక్సెల్ వాడేవాళ్లు, ఆండ్రాయిడ్ 16 ఉంటే, సెట్టింగ్స్, సిస్టమ్, జెశ్చర్స్‌లో చూడండి. పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే కెమెరానా, వాలెట్టా అని అడుగుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. గూగుల్ వాలెట్ 2024 మేలో మన దేశానికి వచ్చినప్పుడు అది టికెట్లు, బోర్డింగ్ పాస్‌ల లాంటివి దాచుకోవడానికే వచ్చింది. పేమెంట్లకి గూగుల్ పే వేరేగా ఉంది. అమెరికాలో మీ అన్నయ్య వాలెట్ తెరిచి కాఫీ కొంటున్నాడని, మీకూ అలాగే అవుతుందని అనుకోకండి.

ఐఫోన్‌లో సెట్టింగ్స్, వాలెట్ అండ్ యాపిల్ పే లోకి వెళ్తే డబుల్ క్లిక్ సైడ్ బటన్ అని ఉంటుంది. యాపిల్ పే 2014 అక్టోబర్‌లో అమెరికాలో మొదలైంది. పదేళ్లు నిండేనాటికి కూడా మన బ్యాంకుల కార్డులకి రాలేదు. కాబట్టి ఈ ముక్క ఎక్కువగా పనికొచ్చేది డల్లాస్‌లోనో, లండన్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో చదువుకుంటూ, ఉద్యోగం చేసుకుంటూ మన ఎపిసోడ్లు చూసేవాళ్లకి.

ఇంకో జాగ్రత్త. రెండుసార్లు నొక్కమన్నానని కంగారులో గబగబా నొక్కేయకండి. 2016లో మన ప్రభుత్వం పెట్టిన ప్యానిక్ బటన్ రూల్ ప్రకారం స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్ మూడుసార్లు వెంటవెంటనే నొక్కితే ఎమర్జెన్సీ కాల్ వెళ్లాలి. కొన్ని ఫోన్లలో మూడుసార్లకి, కొన్నింట్లో ఐదుసార్లకి 112కి కాల్ వెళ్తుంది. మీ ఫోన్‌లో ఎన్ని నొక్కులకి ఏం జరుగుతుందో ఎమర్జెన్సీ సెట్టింగ్స్‌లో చూసి పెట్టుకోండి. అమ్మాయిలైతే ఇది తప్పకుండా చూసుకోండి, పేమెంట్ కంటే ఇదే ముఖ్యం.

ట్యాప్ చేసినప్పుడు ఏం వెళ్తుంది?

ఇది క్యూఆర్ స్కాన్ లాంటిది కాదు. స్కాన్ చేసినప్పుడు మన ఫోనే ఇంటర్నెట్ ద్వారా డబ్బు పంపమని బ్యాంకుకి చెప్తుంది. ట్యాప్‌లో ఫోన్ కార్డులా నటిస్తుంది. ఎన్‌ఎఫ్‌సీ అనే రేడియో, 13.56 మెగాహెర్ట్జ్ మీద, దాదాపు 4 సెంటీమీటర్ల దూరంలోనే పని చేస్తుంది. బ్యాంకుతో మాట్లాడేది మెషిన్. అందుకే ఆ క్షణంలో ఫోన్‌కి నెట్ లేకపోయినా మామూలుగా పని అయిపోతుంది. సెల్లార్ సూపర్ మార్కెట్‌లో నన్ను కాపాడింది ఇదే, కెమెరా మూసి యాప్ వెతుక్కున్నాక!

మరి మన కార్డు నంబర్ మెషిన్‌కి తెలిసిపోతుందా? తెలియదు. కార్డు యాడ్ చేసినప్పుడు అసలు నంబర్ బదులు ఆ ఫోన్‌కి మాత్రమే పనికొచ్చే వేరే నంబర్ ఇస్తారు, దాన్ని టోకెన్ అంటారు. మన రిజర్వ్ బ్యాంక్ దీనికి 2019 జనవరిలో అనుమతి ఇచ్చింది. టోకెన్‌తో పాటు ప్రతి పేమెంట్‌కీ ఒక కొత్త కోడ్ వెళ్తుంది. ఒకసారి వాడిన కోడ్ రెండోసారి చెల్లదు. కావాలంటే ట్యాప్ చేశాక వచ్చే స్లిప్ చూడండి. చివరి 4 అంకెలు మీ ప్లాస్టిక్ కార్డు మీద ఉన్నవి కాకుండా వేరేవి ఉండొచ్చు. మోసం కాదది, టోకెన్ అంకెలు. వస్తువు వాపస్ ఇచ్చేటప్పుడు షాప్‌వాళ్లు ఆ అంకెలు అడిగితే కంగారు పడకండి, ఏ ఫోన్‌తో కట్టారో ఆ ఫోన్ తీసుకెళ్లండి.

అసలు విషయం: ఆ బటన్ షార్ట్‌కట్టా, సంతకమా?

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. ఐఫోన్‌లో ముఖం చూపిస్తే చాలదా, బటన్ కూడా రెండుసార్లు ఎందుకు నొక్కమంటుంది? ముఖం చెప్పేది "నేను ఫలానా" అని మాత్రమే. "నేను డబ్బు కట్టాలనుకుంటున్నా" అని ముఖం చెప్పదు. మనం రోజుకి ఎన్నిసార్లు ఫోన్ వైపు చూస్తాం! చూసిన ప్రతిసారీ డబ్బు పోతే ఎలా? ఆ రెండో మాట చెప్పేది బటన్.

ఫేస్ ఐడీ ఉన్న ఐఫోన్లలో ఆ బటన్ నుంచి ఫోన్ లోపల ఉండే సెక్యూరిటీ చిప్ భాగానికి నేరుగా ఒక లైన్ ఉంటుంది. మధ్యలో ఏ యాప్‌కీ, చివరికి ఆపరేటింగ్ సిస్టమ్‌కి కూడా అందులో వేలు పెట్టే వీలు లేదు. ఫోన్‌లోకి వైరస్ దూరినా, బటన్ నొక్కినట్టు అబద్ధం చెప్పలేదు. నొక్కాలంటే నిజంగా ఒక వేలు ఉండాలి. అందుకే దాన్ని సంతకం అంటున్నా.

ఆండ్రాయిడ్‌లో కథ వేరు. అక్కడ బటన్ ఎక్కువగా దారి మాత్రమే, యాప్‌ని త్వరగా తెరుస్తుంది. తాళం మీ వేలిముద్రో, పిన్నో. కొన్ని యాప్‌లలో ఫోన్ అన్‌లాక్ అయి ఉంటే చాలు, యాప్ తెరవకుండానే మెషిన్ దగ్గర పెడితే డబ్బు కట్టేస్తుంది. అంటే అక్కడ మీ స్క్రీన్ లాకే మీ సంతకం. లాక్ లేకుండా ఫోన్ వాడేవాళ్లు, నాన్న ఫోన్‌కి 1234 పెట్టినవాళ్లు, మీరు సంతకం చేసిన ఖాళీ చెక్కు జేబులో పెట్టుకుని తిరుగుతున్నట్టే.

సంతకం తీసేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఒక నిజమైన ఉదాహరణ ఉంది. లండన్ లాంటి నగరాల్లో మెట్రో గేటు దగ్గర ఆగకుండా వెళ్లడానికి ఎక్స్‌ప్రెస్ ట్రాన్సిట్ అని ఒక సెట్టింగ్ ఉంది. అందులో పెట్టిన కార్డుకి బటన్ అక్కర్లేదు, ముఖం అక్కర్లేదు. 2021లో బర్మింగ్‌హామ్, సర్రే యూనివర్సిటీల పరిశోధకులు, ఈ సెట్టింగ్‌లో వీసా కార్డు ఉన్న లాక్ చేసిన ఐఫోన్ నుంచి 1000 పౌండ్ల పేమెంట్ చేసి చూపించారు. మామూలు మెషిన్‌నే మెట్రో గేటు అని ఫోన్‌ని నమ్మించారు. అది ల్యాబ్‌లో చేసిన ప్రయోగం, వీధిలో దొంగతనం కాదు. కానీ పాఠం ఒకటే. సౌకర్యం కోసం సంతకం వదిలేసిన చోటే సందు దొరికింది. ఆ సెట్టింగ్ వాడితే వాడండి, తక్కువ డబ్బు ఉండే కార్డు పెట్టుకోండి.

లండన్‌లో ఉన్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఇంకో మాట. లోపలికి ఫోన్‌తో ట్యాప్ చేసి, బయటికి వాచ్‌తో ట్యాప్ చెయ్యకండి. కార్డు ఒకటే అయినా టోకెన్లు వేరు. సగంలో ఆగిన రెండు ప్రయాణాలుగా లెక్కపడి రెండింటికీ ఎక్కువ ఛార్జీ పడుతుంది.

ఫోన్ పోతే?

మా బాబాయి వాళ్ల అమ్మాయి ఇంగ్లండ్‌లో ఎంఎస్ చేస్తోంది. బస్ స్టాప్‌లో మ్యాప్ చూస్తుంటే ఒకడు సైకిల్ మీద వచ్చి, తెరిచి ఉన్న ఫోన్‌నే లాక్కుపోయాడు. ఏడుస్తూ నాకు ఫ్రెండ్ ఫోన్ నుంచి కాల్ చేసింది, "అన్నయ్యా, నా కార్డులన్నీ అందులోనే ఉన్నాయి" అని. ఫోన్ తెరిచి ఉన్నా వాడు పే చెయ్యలేడు, బటన్ నొక్కాక మళ్లీ తన ముఖమో, పాస్‌కోడో కావాలి. "పాస్‌కోడ్ ఎవరైనా చూశారా?" అని అడిగా. అటు నుంచి సౌండ్ లేదు. బస్ ఎక్కేటప్పుడు, కేఫ్‌లో, ఎక్కడపడితే అక్కడ కొట్టింది. ముఖం పట్టకపోతే ఫోన్ పాస్‌కోడ్ అడుగుతుంది, అది తెలిసినవాడికి తలుపు తెరిచినట్టే.

వెంటనే ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో లాగిన్ అయి ఫోన్‌ని లాస్ట్ మోడ్‌లో పెట్టించా. అందులోని కార్డులు ఆగిపోయాయి. బ్యాంకుకి కూడా ఫోన్ చేసింది. డబ్బు పోలేదు. టోకెన్ వల్ల ఇంకో మేలు కూడా జరిగింది. ఆగింది ఆ ఫోన్‌లోని నంబర్ మాత్రమే. రూమ్‌లో ఉన్న ప్లాస్టిక్ కార్డు మామూలుగా పని చేసింది, మర్నాడు దాంతోనే సరుకులు తెచ్చుకుంది.

మన దగ్గర ఫోన్ పోతే బ్యాంకుకి చెప్పడంతో పాటు సంచార్ సాథీలో ఐఎంఈఐ బ్లాక్ చేయించవచ్చు. డబ్బు మోసం జరిగితే 1930కి వెంటనే కాల్ చెయ్యండి. ఆలస్యం చేసే కొద్దీ డబ్బు దొరకడం కష్టం.

ఫోన్ పెట్టినా పని చెయ్యట్లేదా?

ఈ నాలుగూ చూడండి. ఒకటి, ఎన్‌ఎఫ్‌సీ ఆన్‌లో ఉందా? మీ ఫోన్‌లో ఆ చిప్ అసలు ఉందా? తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి ఉండదు. రెండు, ఫోన్ ఏ భాగం ఆనిస్తున్నారు? ఐఫోన్‌కి పై అంచు, చాలా ఆండ్రాయిడ్‌లకి వెనకాల మధ్యలోనో, కెమెరా దగ్గరో. గీసినట్టు లాగకండి, ఒక క్షణం ఆపండి. మూడు, రెండు పేమెంట్ యాప్‌లు ఉంటే డిఫాల్ట్ ఏది? నాలుగు, బ్యాంక్ యాప్‌లో ఆ కార్డుకి కాంటాక్ట్‌లెస్ ఆన్‌లో ఉందా? 2020లో వచ్చిన రిజర్వ్ బ్యాంక్ రూల్ వల్ల కొత్త కార్డులకి అది ఆఫ్‌లో వస్తుంది, మనమే ఆన్ చేసుకోవాలి. ఇక ప్లాస్టిక్ కార్డు ట్యాప్ చేస్తే 5000 రూపాయల వరకు పిన్ లేకుండా వెళ్తుంది, 2021 జనవరి 1 నుంచి అదే పరిమితి. అంటే పోయిన ప్లాస్టిక్ కార్డుకి సంతకమే లేదు. ఆ లెక్కన ఫోనే నయం.

చివరగా మోసాల సంగతి. డబ్బు రావడానికి మీరు ఎక్కడా ట్యాప్ చెయ్యక్కర్లేదు. "వెరిఫికేషన్ కోసం మీ కార్డుని ఫోన్ వెనకాల ఆనించి పిన్ కొట్టండి" అని ఎవరైనా అంటే కాల్ కట్ చెయ్యండి. 2024లో ఈసెట్ అనే సెక్యూరిటీ కంపెనీ, చెక్ రిపబ్లిక్‌లో సరిగ్గా ఇలాగే చేసిన ఎన్‌గేట్ అనే వైరస్‌ని బయటపెట్టింది. ఫోన్‌కి ఆనించిన కార్డు సమాచారం దూరంగా ఉన్న దొంగ ఫోన్‌కి చేరి, అక్కడ ఏటీఎంలో డబ్బు తీశారు. ఇక షాప్‌లో మొత్తం టైప్ చేసేది ఎదుటివాళ్లు. 640 బదులు 6400 అని పడితే బటన్‌కి తెలియదు. మెషిన్ స్క్రీన్ చూశాకే నొక్కండి.

ఈ రాత్రి పడుకునే ముందు మూడు పనులు చెయ్యండి. బటన్ రెండుసార్లు నొక్కి ఏం తెరుచుకుంటుందో చూడండి. పాస్‌కోడ్ పుట్టినరోజు అయితే మార్చండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి మీ ఫోన్‌ని వెతికి, లాక్ చెయ్యడం ఎలాగో ఒకసారి చూసి పెట్టుకోండి. పోయాక నేర్చుకోవడానికి టైమ్ ఉండదు.

అంతే ఫ్రెండ్స్. అన్నట్టు, ఆ సూపర్ మార్కెట్‌కి నిన్న మళ్లీ వెళ్లా. రెండుసార్లు నొక్కా, ఈసారి కార్డే వచ్చింది. ఆ అక్క మెషిన్ నా వైపు తిప్పి, "ఈసారి ఫొటో లేదా సార్?" అంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.