లక్షలు ఆర్జించిన ‘కిడ్’ కోర్టుకెక్కాడు

చార్లీ చాప్లిన్ తీసిన ‘ది కిడ్’ చూసినవారు అందులోని బుడతణ్ణి మరచిపోలేరు. పెద్ద టోపీ, చిరుగుల దుస్తులు, అనాథాశ్రమం బండిలోంచి చేతులు చాచి విలపించే ఆ ముఖం 1921లో లోకాన్ని కంటతడి పెట్టించాయి. మూకీ చిత్రంలో మాట లేకుండానే మనసులు కరిగించిన ఆ పసివాడు జాకీ కూగన్.

జాకీ 1914 అక్టోబరు 26న లాస్ ఏంజెలిస్‌లో జన్మించాడు. తల్లిదండ్రులిద్దరూ రంగస్థల నటులు. 1919లో తండ్రితోపాటు స్టేజి ఎక్కి చిందులు వేస్తుండగా చాప్లిన్ కంటపడ్డాడు. ‘ది కిడ్’ విడుదలయ్యేనాటికి అతని వయసు ఆరేళ్లే. మరుసటి ఏడాది ‘ఆలివర్ ట్విస్ట్’ వచ్చింది. 1924లో ఆర్మీనియా, గ్రీస్ శరణార్థి బాలల కోసం ఊరూరా తిరిగి 10 లక్షల డాలర్లకు పైగా విలువైన సాయం కూడగట్టాడు.

బాలనటుడిగా జాకీ సంపాదించింది 30 నుంచి 40 లక్షల డాలర్లని అంచనా. ఇంట్లో అతనికి ఇచ్చే చేతిఖర్చు మాత్రం వారానికి 6.25 డాలర్లే! 1935 మే నెలలో కారు ప్రమాదంలో తండ్రి మరణించాడు. కారులో ఉన్నవారిలో బతికి బయటపడింది జాకీ ఒక్కడే. ఆ అక్టోబరులో 21 ఏళ్లు నిండాయి. తన సొమ్ము తనకిమ్మంటే తల్లి, మారుతండ్రి కుదరదన్నారు. మైనరు బిడ్డ సంపాదన తల్లిదండ్రులదేనని అప్పటి కాలిఫోర్నియా చట్టం. చివరకు 1938లో కన్నతల్లి పైనే దావా వేశాడు. అప్పటికి మిగిలింది రెండున్నర లక్షల డాలర్లే. అందులో జాకీకి దక్కింది లక్షా 26 వేలు. ఆ గడ్డు రోజుల్లో సాయం కోరగా చాప్లిన్ వెంటనే వెయ్యి డాలర్లు అందించారు.

ఈ వ్యాజ్యం దేశంలో పెద్ద సంచలనం రేపింది. ఫలితంగా 1939లో కాలిఫోర్నియాలో బాలనటుల రక్షణ చట్టం వచ్చింది. దానికి ‘కూగన్ చట్టం’ అనే పేరే స్థిరపడింది. అయితే అందులో లొసుగులు మిగిలాయి. 2000లో అమలులోకి వచ్చిన సవరణతో సంపాదన బిడ్డదేనని తేలింది. అందులో 15 శాతం ట్రస్టు ఖాతాలో వేయడం తప్పనిసరి అయింది.

రెండో ప్రపంచయుద్ధంలో జాకీ గ్లైడర్ పైలట్‌గా పనిచేశారు. 1944 మార్చిలో అస్సాంలోని లాలాఘాట్ నుంచి బర్మా అడవుల్లోకి సైనికులను దింపిన దళంలో ఆయన ఒకరు. 1964-66లో ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’ టీవీ ధారావాహికలో గుండు అంకుల్ ఫెస్టర్‌గా కొత్త తరాన్ని నవ్వించారు. ఆ గుండు మనిషే నాటి ‘కిడ్’ అని చాలామంది పిల్లలకు తెలియదు.

1984 మార్చి 1న తన 69వ ఏట ఆయన కన్నుమూశారు. తన సొమ్ములో అధిక భాగం ఆయనకు దక్కకపోయినా, తరువాత వచ్చిన బాలనటులకు ఆయన పేరిట రక్షణ మిగిలింది.