వాణిజ్య విద్య - తొలి సెమిస్టర్

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో విద్యలను ఆన్వీక్షికి, త్రయి, వార్త, దండనీతి అని నాలుగు విధాలుగా పేర్కొన్నాడు. వీటిలో ‘వార్త’ అంటే కృషి, పశుపాలన, వాణిజ్యం. నేటి బి.కాం. విద్యార్థి అభ్యసించేది ఈ మూడవ విద్యలోని ఒక శాఖనే. అయితే ఏయే పాఠ్యాంశాలు చదవాలో కొంతమేరకు తానే నిర్ణయించుకోవలసిన భారం అతనిపై ఉంది.

ఈ నిర్ణయం కళాశాలలో అడుగు పెట్టకముందే మొదలవుతుంది. తెలంగాణలో 2016 నుంచి ‘దోస్త్’ విధానంలో డిగ్రీ ప్రవేశాలు జరుగుతున్నాయి. అందులో బి.కాం. జనరల్, కంప్యూటర్ అప్లికేషన్స్ వంటి శాఖలలో దేనిని కోరుకున్నారన్న దానిపైనే తొలి సెమిస్టర్ పాఠ్యాంశాలు చాలావరకు ఆధారపడతాయి. స్నేహితుడు చేరాడని చేరినవారికి ఈ సంగతి తరగతి గదిలోగాని తెలియదు.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన పాఠ్యప్రణాళిక ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు కావాలి. ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటల బోధన. నాలుగు క్రెడిట్ల పాఠ్యాంశానికి 60 గంటలు. విద్యార్థి ఎంచుకునేది పేర్లను కాదు, తన కాలాన్ని.

ఆ కాలంలో సింహభాగం గణకశాస్త్రానికి దక్కాలి. జంటపద్దు విధానాన్ని వివరిస్తూ లూకా పాచియోలీ రచించిన గ్రంథం 1494లో వెనిస్ నగరంలో అచ్చయింది. ప్రతి వ్యవహారానికీ డెబిట్, క్రెడిట్ అనే రెండు ముఖాలుంటాయన్న ఆ సూత్రమే నేటికీ పునాది. సి.ఇ.సి. చదివినవారికి చిట్టా, ఆవర్జా, అంకణా పరిచితాలే. ఎం.పి.సి., బై.పి.సి. నుంచి వచ్చినవారికి అవి పూర్తిగా కొత్త. వీటిని సగం గ్రహించి ముందుకు సాగిన విద్యార్థికి తరువాత ఎదురయ్యే కంపెనీ ఖాతాలు కొరుకుడు పడవు. కాబట్టి ఇటువంటివారు అదే సెమిస్టర్‌లో మరో బరువైన ఐచ్ఛికాన్ని తలకెత్తుకోకపోవడం మంచిది.

సి.ఇ.సి. వారి చిక్కు వేరు. లెక్కలంటే జంకి, సాంఖ్యక శాస్త్రాన్ని వీలైనంత వెనక్కు నెట్టాలని చూస్తారు. కాని ఛార్టర్డ్ అకౌంటెన్సీ ఫౌండేషన్ పరీక్షలోని నాలుగు పత్రాలలో ఒకటి గణితం, తర్కం, సాంఖ్యక శాస్త్రాలకు సంబంధించినదే. నేడు తప్పించుకున్నది రేపు ద్వారం వద్దనే ఎదురవుతుంది.

బహుశాస్త్ర పాఠ్యాంశాల విభాగంలో, ఇంటర్మీడియట్‌లో చదివినదాన్నే మళ్లీ తీసుకోరాదన్నది పై ప్రణాళికలోని నియమం. ఇది విద్యార్థికి మేలు చేసేదే. ఉదాహరణకు చరిత్ర తీసుకున్న వాణిజ్య విద్యార్థికి కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి అభయశాసనం పరిచయం కావచ్చు. విదేశీ వర్తకులకు రక్షణ కల్పించిన ఆ శాసనం వర్తకానికి నమ్మకం ఎంత అవసరమో చూపుతుంది.

ఇక భాష. మార్కులు సులభంగా వస్తాయన్న ఒక్క కారణంతో రెండవ భాషను ఎంచుకునేవారు ఎందరో. అలా చేరిన విద్యార్థి రేపు గ్రామీణ బ్యాంకులో కూర్చుని, ఒక పొదుపు సంఘం సభ్యురాలికి రుణ నిబంధనలను తెలుగులో విడమరచి చెప్పలేక తడబడితే నష్టపోయేది ఆమె.

ఎంత ఆలోచించినా ఎంపిక ఒక్కొక్కప్పుడు పొసగకపోవచ్చు. రెండవ సెమిస్టర్ ముగిశాక ప్రధానాంశాన్ని మార్చుకొనే అవకాశాన్ని 2022 ప్రణాళిక కల్పించింది. దాని అమలు విశ్వవిద్యాలయాన్ని బట్టి ఉంటుంది కనుక, ప్రవేశానికి ముందే ఆ నిబంధనలను కళాశాల కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.